ఆరు తీగలు – రెండు నదులు

దీపావళికి ఇల్లు దులపడం మొదలుపెడితే అటక మీంచి ఏమేం దిగుతాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. మూత పోయిన ఇత్తడి బిందె, మా అమ్మాయి ఎల్.కె.జి. బ్యాగు, "ఎప్పుడైనా పనికొస్తుంది" అని మా వారు దాచిన టేబుల్ ఫ్యాను రెక్కలు... వాటన్నిటి వెనకాల పాత దుప్పటి చుట్టిన పొడుగాటి మూట ఒకటి. దాన్ని చూడగానే నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"ఇదేంటమ్మా?" అంటూ మా అమ్మాయి దుప్పటి విప్పింది. గిటారు! నాదే.

మా నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. లాలాగూడ క్వార్టర్లలో ఉండేవాళ్లం. పక్క వాటాలో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ గిటారు వాయించేది. గోడవతల నుంచి వినీ వినీ, ఒకరోజు ధైర్యం చేసి వెళ్లి నేర్పమని అడిగాను. 1986లో నాన్న నా పోరు పడలేక గిటారు కొనిచ్చారు. నాలుగేళ్లు నేర్చుకున్నాను. 1990లో పెళ్లయింది. చీరల పెట్టెతో పాటు గిటారూ కాపురానికి వచ్చింది. వచ్చిన మూడో రోజు సాయంత్రం దొడ్డి గుమ్మంలో కూచుని ఏదో పాట పాడుతూ వాయిస్తుంటే, మా అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఈ ఇంట్ల పాటలు వద్దు బిడ్డా" అంది. కోపంగా అనలేదు. గట్టిగా కూడా అనలేదు. కానీ అదోలా అంది. మర్నాడు గిటారు అటకెక్కింది. ఎందుకు వద్దందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ముప్పై ఏళ్లు పైనే గడిచిపోయాయి!

తుప్పు పట్టిన తీగలు చూసి, "ఇచ్చేద్దాంలేవే ఎవరికైనా" అన్నాను. మా అమ్మాయి మాట్లాడలేదు.

అదే వారంలో అత్తమ్మ ఓ కోరిక కోరింది. ఆవిడ పుట్టిల్లు తాండూరు. ఎనభై ఏళ్లు దాటాయి. "కార్తికం పోకముందు ఒకసారి అనంతగిరి జూసి, అట్నుంచి తాండూరు పోయొస్తే బాగుండు" అంది. నా పెళ్లయ్యాక తాండూరు ఎన్నోసార్లు వెళ్లాం కానీ, దారిలోనే ఉన్న అనంతగిరికి ఎప్పుడు రమ్మన్నా ఆవిడ వచ్చేది కాదు. ఇప్పుడు తనంతట తనే అడిగేసరికి మా వారు వెంటనే సెలవు పెట్టేశారు.

శనివారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం, చపాతీలు క్యారియర్లలో సర్దుకుని గుమ్మం దాటుతుంటే, మా అమ్మాయి భుజాన నల్ల సంచీతో దిగింది. గిటారు! నాకు చెప్పకుండా బజారుకి తీసుకెళ్లి కొత్త తీగలు వేయించుకొచ్చిందట. నాకు గుండె దడదడలాడింది. అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ సంచీని ఓసారి చూసి, "ఆటో వచ్చిందా?" అంది. అంతే!

రైలు చెప్పిన తాళం

వికారాబాద్ మనకి దగ్గరే. హైదరాబాద్ నుంచి సుమారు డెబ్భై కిలోమీటర్లు. అక్కణ్నుంచి తాండూరు మరో నలభై. లింగంపల్లి దాటి శంకర్‌పల్లి వచ్చేసరికి ఊరి రొద పోయి పచ్చదనం మొదలవుతుంది. ఈ రైలు దారి ఈనాటిది కాదు. నిజాం కాలంలో, 1874లో వేశారు. బొంబాయి – మద్రాసు లైను మీద ఉన్న వాడి స్టేషను నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా హైదరాబాద్‌కి తెచ్చారు. మన నగరానికి మొట్టమొదట రైలు వచ్చింది ఈ దారినే. పైగా వికారాబాద్ జంక్షను కూడా. ఇక్కడ చీలిన లైను బీదర్ మీదుగా పర్లీ వైద్యనాథం వెళుతుంది. ఆ ఊరికి పేరు వచ్చింది వికార్-ఉల్-ఉమ్రా అనే పైగా ప్రభువు వల్ల. 2016 అక్టోబరు నుంచి అదే జిల్లా కేంద్రం కూడా.

కిటికీ పక్కన కూచుని పట్టాల చప్పుడు వింటుంటే నాకు మా గిటారు ఆంటీ గుర్తొచ్చింది. ఆవిడ మొదట నేర్పిన పాఠం రైలే! గిటారుకి ఆరు తీగలుంటాయి కదా. పైనున్న లావు తీగల్ని బొటనవేలితో ఒకదాని తర్వాత ఒకటి సమంగా మీటాలి. "ధక్ – ధక్ – ధక్ – ధక్". అది రైలు చక్రం. ఆ చక్రం ఆగకుండా తిరుగుతుండగానే చూపుడు వేలు, మధ్య వేలు కింది సన్న తీగల మీద పాట వాయించాలి. అవి కిటికీలో కనిపించే చెట్లూ, చేలూ. ఒక చేత్తో పప్పు కలుపుతూ, ఇంకో చేత్తో పిల్లవాడికి జోల ఊపినట్టన్నమాట! మనకి రాని విద్యా అది?

ఇప్పుడు రైళ్లలో ఆ తాళం బాగా తగ్గిపోయింది. పూర్వం పట్టాల్ని ముక్కలు ముక్కలుగా అతికేవారు. అతుకు అతుకుకీ చక్రం "టక టక" మనేది. ఇప్పుడు పట్టాల్ని కరిగించి పొడుగ్గా కలిపేస్తున్నారు. స్టేషను దగ్గర లైన్లు మారేటప్పుడు మాత్రం ఆ పాత చప్పుడు ఇంకా వినిపిస్తుంది. చెవి పెట్టి వినండి ఈసారి.

ఈ రైలు పాఠానికి సంబంధించి మా ఆంటీ ఒకావిడ కథ చెప్పేది. ఎలిజబెత్ కాటన్ అని అమెరికాలో ఓ నల్లజాతి స్త్రీ. 1893లో పుట్టింది. చిన్నప్పుడు వాళ్లింటి దగ్గర్నుంచి గూడ్సు బళ్లు పోతుండేవి. ఇళ్లల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో గిటారు కొనుక్కుని, పదకొండు పన్నెండేళ్ల వయసులోనే ఆ గూడ్సు బండి మీద పాట కట్టింది. ఎడమచేతి వాటం కావడంతో గిటారుని తిరగేసి పట్టుకునేది. అందువల్ల అందరూ బొటనవేలితో వాయించేది ఆవిడ వేళ్లతో, వేళ్లతో వాయించేది బొటనవేలితో వాయించేది! తర్వాత పెళ్లి, బిడ్డ, చాకిరీ... గిటారు మూలపడింది. దశాబ్దాలు గడిచిపోయాయి. ఒకరోజు బజారులో తప్పిపోయిన చిన్నపిల్లని తల్లికి అప్పగిస్తే, ఆ ఇంట్లోనే పని దొరికింది. వాళ్లు సంగీతం వాళ్లు. సీగర్ కుటుంబం. గోడకి వేలాడుతున్న గిటారు తీసి ఆవిడ మళ్లీ వాయించింది. 1958లో, అరవై దాటాక, మొదటి రికార్డు వచ్చింది. తొంభై దాటాక గ్రామీ బహుమతి! 1987లో కన్నుమూసింది.

పద్దెనిమిదేళ్లప్పుడు ఈ కథ విని "పాపం" అనుకున్నాను. ఇప్పుడు ఇదే కథ రైల్లో మా అమ్మాయికి చెబుతుంటే గొంతు పట్టేసింది. అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. వింటోందో లేదో తెలీదు.

కొండ మీద పొగమంచు

వికారాబాద్ స్టేషను నుంచి ఆటోలో అనంతగిరి ఐదారు కిలోమీటర్లు. ఊరు దాటగానే మలుపులు తిరిగే ఘాటు రోడ్డు. రెండు పక్కలా అడవి. కార్తికం కదా, పొద్దున పది దాటినా ఆకుల మీద మంచు తడి ఆరలేదు. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి. ఆషాఢంలో, కార్తికంలో జాతరలు జరుగుతాయి. మెట్లు దిగితే కోనేరు. దర్శనం అయ్యాక ఉసిరి చెట్టు వెతుక్కుని వనభోజనానికి కూచున్నాం. ఇక్కడో హెచ్చరిక – కోతులున్నాయి జాగ్రత్త! నేను అరిటాకు పరిచేలోపే ఒక కోతి పులిహోర డబ్బా మూత చాలా నేర్పుగా తీసింది. మా వారు కర్ర పట్టుకుని కాపలా నిలబడితే తప్ప తినలేకపోయాం. ఆయన తిన్నది అన్నిటికన్నా ఆఖర్న, మిగిలిన పెరుగన్నం!

హైదరాబాద్‌లో మనం ముక్కు మూసుకుని వంతెన దాటే మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే అంటే నమ్ముతారా? పురాణాల పేరు ముచుకుందా నది. ముచుకుంద మహర్షి ఈ కొండ గుహలోనే నిద్రపోయాడని స్థలపురాణం. ఇక్కడ చూస్తే రాళ్ల మధ్య ఊట, చిన్న పాయ. పిల్లలు గెంతి దాటొచ్చు. ఈ చిన్న నీరే 1908 సెప్టెంబరులో వరదై హైదరాబాద్‌ని ముంచేసింది. ఆ తర్వాతే మూసీకి అడ్డంగా గండిపేట చెరువు కట్టారు. అది 1920లో పూర్తయింది.

ఇంకో విశేషం విన్నారా? ఈ కొండల ప్రాంతంలోనే కాగ్నా నది కూడా పుడుతుంది. మూసీ తూర్పుకి, హైదరాబాద్ వైపు పోతే, కాగ్నా పడమటికి, తాండూరు వైపు పోతుంది. ఒక తల్లి పిల్లలిద్దరు చెరో ఊరికి కాపురానికి వెళ్లినట్టు! కాగ్నా కర్ణాటకలో భీమలో కలుస్తుంది. భీమ వెళ్లి కృష్ణలో కలుస్తుంది. మూసీ నల్లగొండ వైపు తిరిగి వాడపల్లి దగ్గర అదే కృష్ణలో కలుస్తుంది. అంటే పుట్టినచోట విడిపోయిన అక్కచెల్లెళ్లు ఎక్కడో దూరాన మళ్లీ ఒక నీరవుతారన్నమాట.

మధ్యాహ్నం చెట్టు కింద నడుం వాల్చినప్పుడు మా అమ్మాయి సెల్‌ఫోన్లో ఒక సంగీతం పెట్టింది. 1967లో వచ్చిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ". సంతూర్ మీద శివకుమార్ శర్మ, వేణువు మీద హరిప్రసాద్ చౌరాసియా, గిటారు మీద బ్రిజ్ భూషణ్ కాబ్రా. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి రోజు ఎలా గడుస్తుందో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా రాగాల్లోనే చెబుతారు. ఒక్క మాట ఉండదు. తెల్లవారుజామున ఆహిర్ భైరవ్ – మన చక్రవాకం లాంటిది. సందె దాటాక భూప్ – మన మోహనం. కాబ్రా గారు గిటారుని నిలువుగా పట్టుకునేవారు కాదు. ఒళ్లో పడుకోబెట్టి, లోహపు కడ్డీ తీగల మీద జరుపుతూ వాయించేవారు. దాన్ని హవాయి గిటారు పద్ధతి అంటారు. కడ్డీ జారుతుంటే తీగ అచ్చం మనిషి గొంతులా గమకం పలుకుతుంది.

"నానమ్మా, నీకు వినిపిస్తోందా?" అంది అమ్మాయి.

"ఇంటున్న" అంది అత్తమ్మ. కళ్లు మూసుకునే ఉంది.

ఆస్పత్రి గేటు దగ్గర

సాయంత్రం నడుస్తూ అనంతగిరి ఆస్పత్రి వైపు వెళ్లాం. ఒకప్పుడు ఇది పేరున్న క్షయ శానిటోరియం. మందులు ఇంతగా లేని రోజుల్లో క్షయరోగులకి కొండగాలి, ఎండ, మంచి తిండి, విశ్రాంతి – ఇవే వైద్యం. అందుకే ఊళ్లకి దూరంగా కొండల మీద ఇలాంటి ఆస్పత్రులు కట్టేవారు.

గేటు దగ్గరికి రాగానే అత్తమ్మ ఆగిపోయింది. అక్కడున్న రాతి మీద కూచుంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"మా అక్కను ఈడనే పెట్టిన్రు."

ఆవిడకో అక్క ఉండేదని మాకు తెలుసు. చిన్నప్పుడే పోయిందనీ తెలుసు. అంతకు మించి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"నాకు పదకొండేండ్లు. అక్కకు పదహారు. బతుకమ్మకు అక్క పాట అందుకుంటె వాడంత మళ్ల పాడేది. గంత మంచి గొంతు. గా యేడే దగ్గు బట్టింది. బాపు, నేను తాండూర్ల రైలెక్కి వికారాబాద్ల దిగి, బండి గట్టుకుని కొండెక్కెటోళ్లం. జొన్నరొట్టెలు, గుడ్లు, పాలు దెచ్చెటోళ్లం. దగ్గరికి పోనియ్యకపోదురు నన్ను. వరండల మంచాలేసి పండబెడుదురు. మేం తిరిగి పోతుంటె, నాకు ఇనపడాలెనని అక్క అక్కడి నుంచి పాడేది. దిగంగ దిగంగ పాట సన్నబడేది. ఆఖర్ల వచ్చిన దినం పాడలే. చెయ్యి ఊపింది."

మేమెవరం ఏమీ మాట్లాడలేదు. గాలికి చెట్లు కదులుతున్నాయి.

"ఇంటికొచ్చినంక అవ్వ పాటలు బంద్ జేసింది. ఎవలు పాడినా ఏడ్చేది. నాకూ గదే అలవాటయింది. నువ్వు కొత్తగ వచ్చి పాడితె..." అంటూ నా వైపు చూసి, మాట పూర్తి చేయకుండా చెంగుతో ముఖం తుడుచుకుంది.

ముప్పై ఏళ్లు నేనేమనుకున్నాను? నేనంటే గిట్టలేదనుకున్నాను. గిటారంటే నామోషీ అనుకున్నాను. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా అమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చాను. ఒక్కసారి, "ఎందుకత్తమ్మా?" అని అడిగి ఉంటే? ఆ రాయి మీద ఆవిడ పక్కన కూచుని చెయ్యి పట్టుకోవడం తప్ప ఏం చేయాలో తోచలేదు.

ఆ రాత్రి కొండ మీదే పర్యాటక శాఖ వారి హరిత వసతిలో ఉన్నాం. నాకు నిద్ర పట్టలేదు. స్పెయిన్ దేశపు జోక్విన్ రోడ్రిగో గుర్తొచ్చాడు. మూడేళ్లప్పుడే చూపు పోయిన మనిషి. ఆయన 1939లో గిటారుకి, వాద్యబృందానికి కలిపి ఒక స్వరరచన చేశాడు. ఆరన్‌హువేజ్ అనే ఊళ్లో రాజుల తోట పేరు దానికి పెట్టాడు. చూపు లేని మనిషి తోటని ఎలా చూశాడంటారా? పూల వాసన, పిట్టల కూత, ఫౌంటెన్ల నీటి చప్పుడు! అందులో రెండో భాగం వింటే రాయి కూడా కరుగుతుంది. పెళ్లయిన కొత్తలో తిరిగిన సంతోషపు రోజులూ, తర్వాత కడుపులోనే పోయిన తొలి బిడ్డ దుఃఖమూ అందులో ఉన్నాయని ఆయన భార్య విక్టోరియా తన ఆత్మకథలో రాసుకుంది. చెప్పుకోలేని మాటని చేతులు చెప్పాయన్నమాట.

ధారూరు దాకా పాట

ఆదివారం పొద్దున వికారాబాద్‌లో తాండూరు బండెక్కితే కాలు పెట్టే చోటు లేదు. నవంబరులో ధారూరులో మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది. వేలమంది వస్తారు. చెట్ల కింద గుడారాలు వేసుకుని, పొయ్యిలు పెట్టుకుని వారం పాటు ఉంటారు. పెట్టె నిండా చాపలు, గిన్నెలు, బియ్యం మూటలు, చంటిపిల్లలు. అత్తమ్మకి జరిగి చోటిచ్చిన ఒకావిడ, "మీరు గూడ జాతరకా పెద్దమ్మా?" అని అడిగింది. "కాదు బిడ్డా, మా అవ్వగారింటికి" అంది అత్తమ్మ, ఎనభై ఏళ్ల పుట్టింటి సంబరంతో.

ఎదురుగా నిలబడ్డ కుర్రాడు గిటారు సంచీ చూసి, "ఆంటీ, చూడొచ్చా? మా చర్చిలో వాయిస్తా" అన్నాడు. నేను అత్తమ్మ ముఖం చూశాను. "ఇయ్యి, పోరడు అడుగుతుండు గద" అంది. చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్క తీగా బిగిస్తూ శ్రుతి చేశాడు. తర్వాత వాయించాడు. చుట్టూ ఉన్నవాళ్లకి తెలిసిన స్తోత్రమే అయి ఉండాలి, మెల్లగా తలలూపుతున్నారు. రైలు కిందనుంచి తాళం వేస్తోంది. ధారూరు రాగానే "థాంక్స్ ఆంటీ, మంచి గిటారు. ఊరికే ఉంచకండి" అని నా చేతిలో పెట్టి గుంపులో కలిసిపోయాడు. పెట్టె సగం ఖాళీ అయింది.

బండల ఊరు, పప్పుల ఊరు

మీరు తాండూరు ఎప్పుడూ చూడకపోవచ్చు. కానీ తాండూరు మీ ఇంట్లో ఉండే ఉంటుంది! వరండాలోనో, వంటింట్లోనో కాళ్ల కింద పరిచిన ఆ నీలం, పసుపుపచ్చ బండలు ఇక్కడివే. భూమిలో పొరలు పొరలుగా పరచుకుని ఉన్న సున్నపురాయి అది. కొత్తగా తీసిన పలకని సుత్తితో తడితే గంటలా ఖంగుమంటుంది. పగులున్నది బొద్దుగా పలుకుతుందని, చెవితోనే బండ మంచీచెడ్డా చెబుతారు మా అత్తవారి వైపు వాళ్లు. సున్నపురాయి ఉన్నచోటే సిమెంటు ఫ్యాక్టరీలూ వస్తాయి కనక, తాండూరు చుట్టూ అవీ ఉన్నాయి. ఒక చిట్కా చెప్పనా? తాండూరు బండల్ని నిమ్మరసం, వెనిగర్, యాసిడ్‌లతో కడగకండి. పులుపు తగిలితే సున్నపురాయి మెరుపు పోయి తెల్లమచ్చలు పడతాయి. కాస్త సబ్బునీళ్లు చాలు.

ఇక కందిపప్పు. ఈ నల్లరేగడి నేలల్లో పండే కందులకి రుచి వేరు. తొందరగా ఉడుకుతుంది, కమ్మటి వాసన వస్తుంది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేం వెళ్లినప్పుడు చేలన్నీ పసుపుపచ్చటి పూతతో ఉన్నాయి. అత్తమ్మ తమ్ముడి కోడలు మధ్యాహ్నం జొన్నరొట్టెలు, ముద్దపప్పు, పచ్చిపులుసు పెట్టింది. మాటల్లో తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిపి వినిపిస్తుంటాయి. సరిహద్దు ఊరు కదా!

పొద్దు వాలాక కాగ్నా ఒడ్డుకి వెళ్లాం. వానాకాలం ఎర్రనీరు తేరుకుని, రాళ్ల మీంచి పల్చగా పారుతోంది. అత్తమ్మ చెప్పులు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టి కూచుంది. చాలాసేపు అలా ఉండి, నెమ్మదిగా అంది –

"నిన్న ఆ గొర్లకాపరి పాట, ఇయ్యాల రైల్ల పోరని పాట... రెండూ ఇన్న. మాటలుంటె అక్క గొంతు యాదికొస్తది నాకు. మాటల్లేకుంటె ఏం కాలే. మంచిగనే ఉండె. తీయి నీ గిటారు."

నాకు చేతులు వణికాయి. ముప్పై ఏళ్ల తర్వాత! వేళ్ల చివర్లు వంటింటి పనితో గట్టిపడ్డాయి కానీ, అది తీగల గట్టితనం కాదు. మొదటి రెండు నిమిషాలు తీగలు కోసుకుపోయాయి. స్వరం తప్పింది. మా అమ్మాయి నవ్వలేదు, అదే చాలనుకున్నాను. ఆఖరికి బొటనవేలు తన పాత రైలుని వెతుక్కుంది. లాలాగూడలో ఉన్నప్పుడు నేనే కట్టుకున్న చిన్న వరస ఒకటుంది. బండి స్టేషను వదిలి వెళ్లడం. పెళ్లయ్యేనాటికి అంతవరకే వచ్చింది. వెళ్లిన బండి ఎక్కడికి చేరాలో అప్పట్లో నాకు తోచలేదు.

ఆ సాయంత్రం తోచింది. బొటనవేలి చక్రం నెమ్మదించి నీళ్లలా అయింది. సన్న తీగల మీద మోహనం – స, రి, గ, ప, ద – పైకి వెళ్లి, కొండమలుపులో దిగినట్టు దిగి వచ్చింది. ఒకే పాట రెండు పాయలుగా, లావు తీగల మీద ఒకటి, సన్న తీగల మీద ఒకటి విడిపోయి, చివర్లో ఒకే స్వరం మీద కలిశాయి. గొప్ప సంగీతం అనను. తప్పులు చాలా ఉన్నాయి. కానీ పూర్తయింది.

"అయిపోయిందా?" అంది అత్తమ్మ.

"అయిపోయింది."

"ఇంకోపాలి వాయించు."

తిరుగు రైల్లో మా అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. మన రాజస్థాన్ విద్వాంసుడు విశ్వమోహన్ భట్, గిటారుని మార్చి మోహనవీణ చేసుకున్నాడు. ఆయనా, అమెరికా గిటారు వాద్యకారుడు రై కూడర్ కలిసి వాయించిన రికార్డుకి 1994లో గ్రామీ వచ్చింది. వాయించడానికి గంట ముందు వరకూ ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేదట! ఆ రికార్డు పేరుకి "నది ఒడ్డున కలయిక" అని అర్థం. ఒకే కప్పు కింద ముప్పై ఏళ్లకి పైగా ఉండి మేమిద్దరం ఇప్పుడు కలిశాం. మాదీ నది ఒడ్డునే.

మీరూ వెళ్లాలనుకుంటే...

అనంతగిరి వానాకాలం నుంచి చలికాలం దాకా బాగుంటుంది. ఎండాకాలం అడవి ఎండిపోతుంది. పొద్దున రైలుకి వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కానీ ఒక రాత్రి కొండ మీద ఉంటే తెల్లవారుజాము మంచు చూడొచ్చు. ముసలివాళ్లుంటే కోనేటి మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోండి. శాలువా మరిచిపోవద్దు. తాండూరులో కందిపప్పు కొంటే కొత్త పంట వచ్చే సంక్రాంతి తర్వాత కొనండి. ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే ఏడాదికి సరిపోతుంది.

మీ ఇంట్లో కూడా అటక మీద గిటారో, వీణో, హార్మోనియమో ఉంటే, ముందు దాన్ని కిందికి దించండి. అటక వేడికి కొయ్య వంగిపోతుంది, జిగురు ఊడుతుంది. తుప్పు తీగలతో వాయించకండి, ఆరూ ఒకేసారి మార్పించండి. మొదలుపెట్టేవాళ్లకి నైలాను తీగల గిటారు వేళ్లకి మెత్తగా ఉంటుంది. ఎడమచేతి గోళ్లు కత్తిరించుకోవాలి. రోజుకి పావుగంట చాలు. కుక్కరు మూడు కూతలు వేసేలోపు అయిపోతుంది! వేళ్ల మంట రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. మందంగా చర్మం కడుతుంది. దాన్ని చూసి భయపడకండి, అది మీ డిగ్రీ సర్టిఫికెట్.

ఇప్పుడు మా ఇంట్లో గిటారు అటక మీద లేదు. హాల్లో, అత్తమ్మ మంచం పక్క గోడకి మేకు కొట్టి వేలాడదీశాం. మేకు కొట్టింది మా వారు, చోటు చూపించింది అత్తమ్మ. సాయంత్రం దీపం పెట్టి నేను వంటింట్లోకి వెళ్లబోతుంటే, రోజూ కాదు గానీ అప్పుడప్పుడు, వెనక నుంచి పిలుస్తుంది –

"బిడ్డా, ఆ రైలు జర నడిపియ్యరాదూ? అనంతగిరి దాకా."